ఇరవై చింతగింజలతో నెల గడపాలి: తరగతి గదిలో బడ్జెట్ నేర్పే పద్ధతి

బడ్జెట్ అంటే కూడికలు, తీసివేతలని పిల్లలకు చెప్పామంటే పాఠం అక్కడే దారి తప్పుతుంది. 20,000లో 7,000 పోతే ఎంతో ఐదో తరగతి పిల్ల చెప్పేస్తుంది. ఆమెకు తెలియనిది వేరే ఉంది. కావలసినవి పది ఉండి, చేతిలో ఉన్నది ఆరింటికే సరిపోతే ఏ నాలుగు వదులుకోవాలి? ఆ మాట ఇంట్లో ఎవరు చెప్పాలి? వదులుకోవడం అలవాటు చేయని పాఠం లెక్కల పాఠమే అవుతుంది.

అందుకని కింద చెప్పే ఏ ఆట ఆడించినా రెండు నియమాలు మారకూడదు. డబ్బు ఎప్పుడూ చాలీచాలకుండానే ఇవ్వాలి. పిల్లలు పొరపాటు చేస్తున్నట్టు కనిపించినా టీచరు అడ్డుపడకూడదు. ఆ పొరపాటు ఎంత ఖరీదైనదో తర్వాతి రౌండులో వాళ్ల కళ్లకే కనబడుతుంది. మధ్యలో "అలా కాదమ్మా, ముందు పొదుపు పెట్టు" అన్నామంటే ఇక ఆ నిర్ణయం మనదే, పిల్లలది కాదు.

ఇవి నాలుగు నుంచి ఎనిమిదో తరగతి వరకు పనికొస్తాయి. 40 మంది పిల్లలు, 40 నుంచి 45 నిమిషాల పీరియడ్ అనుకుని కొలతలు ఇచ్చాం.

మొదలుపెట్టే ముందు ఒక మాట. "మీ నాన్న జీతమెంత, మీ ఇంటి అద్దెంత, రాసుకురండి" అని ఇంటిపని ఇవ్వొద్దు. అప్పుల్లో ఉన్న ఇంటి బిడ్డ, తండ్రి లేని బిడ్డ, హాస్టల్లో ఉండే బిడ్డ అందరి ముందు ఆ కాగితం చదవలేరు. కొందరు అబద్ధం రాస్తారు, కొందరు ఆ రోజు బడికే రారు. ఇంటి నుంచి తెమ్మనాల్సింది ధరలు మాత్రమే. వీధి కొట్లో కందిపప్పు కిలో ఎంత, గుడ్డు ఎంత అన్నది ఎవరైనా అడిగి రాగలరు. అందులో నామోషీ పడాల్సిందేమీ లేదు. ఆటలోని కుటుంబం మాత్రం కల్పించినదై ఉండాలి: తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఊరికి కాస్త దూరంగా కాపురం, నెలకు 20,000 రాబడి.

చింతగింజల ఆట

కావలసినవి: 200 చింతగింజలు, 8 ఖాళీ అగ్గిపెట్టెలు, 8 పెద్ద కాగితాలు, మడతపెట్టిన 9 చీటీలు. గింజలను కడిగి, గుజ్జు పూర్తిగా పోయేలా రుద్ది, రెండు రోజులు ఎండలో పెట్టాలి. లేకపోతే వేళ్లకు అంటుకుంటాయి, డబ్బాకు చీమలు పడతాయి. ఎర్రగా అందంగా ఉన్నాయని గురివింద గింజలు మాత్రం తేవొద్దు. అవి విషం. పగిలినది, నమిలినది పిల్లల కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. చింతగింజలు దొరక్కపోతే సీతాఫలం గింజలూ వద్దు, వాటి పొడి కంట్లో పడితే కళ్లు దెబ్బతింటాయి. బొత్తాలో, అట్టముక్కలో వాడండి.

ఐదుగురి చొప్పున 8 జట్లు. జట్టుకు 20 గింజలు. ఒక్కో గింజ 1,000 రూపాయలు. జట్టు చేతిలో ఉండే పెద్ద కాగితం మీద ఈ పట్టిక రాయాలి. ఏ గడిలో ఎన్ని గింజలు పెడితే ఏం దొరుకుతుందో పక్కనే ఉండాలి.

అద్దె: ఒక గది, నలుగురితో కలిసి వాడే బాత్రూమ్ 3; రెండు గదులు 5; బడికి దగ్గరలో, నీళ్ల ఇబ్బంది లేని రెండు గదులు 7.
తిండి: రేషన్ బియ్యం, కూరగాయలు, వారానికోసారి గుడ్డు 4; రోజూ పప్పు, పాలు, ఆదివారం కోడికూర 6; అవన్నీ ఉండి తరచూ బయటి టిఫిన్లు 8.
కరెంటు, గ్యాస్: మామూలుగా 1, కూలరు తిరిగితే 2.
ప్రయాణం: నడక, పాత సైకిలు 0; బస్సు 1; వాయిదాల మీద బండి, పెట్రోలుతో కలిపి 4.
చదువు: పుస్తకాలు, పెన్నులు, చెప్పులు 1, ట్యూషన్ కలిపితే 2, ప్రైవేటు బడి 4.
ఫోను, టీవీ: ఒక ఫోను 1; రెండు ఫోన్లు, కేబుల్ 2.
బట్టలు, పండగలు: మామూలుగా 1; కొత్త బట్టలు, చుట్టాలకు పెట్టుపోతలు 3.
మందులు: 0 లేదా 1.
సరదాలు: 0, 1 లేదా 2.
పొదుపు: 0, 1, 2 లేదా 3.

అంకెలు ఊరికే వేసినవి కావు. అన్నిటిలోనూ తక్కువ రకం ఎంచుకుంటే 11 గింజలు, అన్నిటిలోనూ పెద్ద రకం ఎంచుకుంటే 36. చేతిలో ఉన్నవి 20. అంటే బతకలేనంత కరువు లేదు, కోరుకున్నవన్నీ కొనేంత కలిమీ లేదు. మీ ఊరికి తగ్గట్టు పట్టిక మార్చుకోవచ్చు. పల్లెలో అద్దె బదులు ఎరువులు, కూలీలు అని పెట్టవచ్చు. అయితే మార్చాక ఈ రెండు మొత్తాలూ మళ్లీ కూడి చూసుకోండి. చిన్న మొత్తం రాబడిలో సగానికి కొంచెం పైన, పెద్ద మొత్తం రాబడికి ఒకటిన్నర రెట్లు దాటి ఉండాలి. చిన్న మొత్తం 18కి వెళ్లిందంటే పిల్లలకు ఎంచుకోవడానికి ఏమీ మిగలదు, ఆట చప్పబడుతుంది.

మొదటి రౌండుకు 12 నిమిషాలు. ఇక్కడ తప్పకుండా వచ్చే చిక్కు ఒకటుంది. జట్టులో గొంతు పెద్దది ఉన్న పిల్లాడు 20 గింజలూ తన ముందు పోసుకుని పంచేస్తాడు, మిగతా నలుగురూ చూస్తూ కూర్చుంటారు. దానికి మందు సులువే. గింజలు జట్టుకు కాదు, పిల్లలకు ఇవ్వండి, తలకు నాలుగు. ఎవరి గింజ వాళ్ల చేత్తోనే గడిలో పెట్టాలి. ఇంకొకరి గింజ కదపాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. ఈ ఒక్క నియమంతో తరగతిలో గోల రెట్టింపవుతుంది, కానీ ఆ గోలలోనే పాఠం ఉంది. "నీ గింజ సరదాల్లోంచి తీసి అద్దెలో పెట్టు, లేకపోతే మనకు ఇల్లే లేదు" అని ఒక పిల్ల ఇంకొకరిని ఒప్పించాల్సి వస్తుంది.

గంట కొట్టగానే పొదుపు గడిలోని గింజలు అగ్గిపెట్టెలోకి పోతాయి. మిగతావి టీచరు దగ్గరికి తిరిగి వస్తాయి. నెల అయిపోయింది కాబట్టి ఆ డబ్బు ఖర్చైపోయింది. ఏ గడిలో ఎన్ని పెట్టారో కాగితం మీద రాసుకున్నాకే గింజలు తీయనివ్వండి. తొందరలో ఇది మరిచిపోతే రెండో రౌండులో "మేం ముందు ఎంత పెట్టాం?" అన్న తగువుతోనే పీరియడ్ అయిపోతుంది.

రెండో రౌండు వానాకాలం. తండ్రి తాపీ మేస్త్రీ, పనులు సరిగా దొరకలేదు, రాబడి 15 గింజలే. అగ్గిపెట్టెలో ఉన్నవి వాడుకోవచ్చు. ఇక్కడ రెండు షరతులు పెట్టండి. అద్దె తగ్గించుకోవాలంటే సామాను బండికీ కొత్త ఇంటి అడ్వాన్సుకూ ఒక గింజ అదనంగా కట్టాలి. బండి వదిలేసినా ఆ నెల వాయిదా కింద 2 గింజలు కట్టి తీరాలి. కొన్ని ఖర్చులు ఇవాళ అనుకుంటే ఇవాళే తగ్గుతాయి, కొన్ని తగ్గవు. మొదటి రౌండులో బండి కొన్న జట్టుకు ఆ తేడా చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది.

రాబడి తగ్గగానే చాలా జట్లు ముందు తిండి గడి మీద చెయ్యి వేస్తాయి, ఎందుకంటే అక్కడే గింజలు ఎక్కువగా కనబడతాయి. కొన్ని జట్లు తిండిని 2కి దించాలని చూస్తాయి. పట్టికలో లేని అంకె పెట్టకూడదని గుర్తుచేస్తే చాలు, ఉపన్యాసం వద్దు. మందులకు సున్నా పెట్టినా ఏమీ అనకండి. మూడో రౌండు అందుకే ఉంది.

మూడో రౌండులో రాబడి మళ్లీ 20. పిల్లలు గింజలు సర్దుకున్నాక ఒక్కో జట్టు నుంచి ఒకరు వచ్చి చీటీ తీస్తారు. తొమ్మిది చీటీల్లో ఇవి రాయండి: చెల్లికి జ్వరం, రక్తపరీక్షలకు 2 గింజలు, మందుల గడిలో గింజ ఉంటే ఒకటే; బాబాయి పెళ్లి, 2; ఫ్యాను కాలిపోయింది, 1; అమ్మమ్మను చూడ్డానికి ఊరికి ప్రయాణం, 1; స్టవ్ రిపేరు, 1; నాన్న ఫోను నీళ్లలో పడింది, 2; అమ్మ కుట్టుపని చేసింది, 1 గింజ అదనపు రాబడి; పాత సామాను అమ్మితే 1 గింజ వచ్చింది; ఈ నెల ఏమీ జరగలేదు. మంచి చీటీలు మూడో వంతైనా ఉండాలి. అన్నీ కష్టాలే రాస్తే బడ్జెట్ అంటే భయమే నేర్చుకుంటారు.

పొదుపు లేని జట్టు టీచరు దగ్గర అప్పు తీసుకోవచ్చు. 2 తీసుకుంటే వచ్చే నెల 3 ఇవ్వాలి. మామూలుగా బయట వడ్డీ ఇంత ఉండదు, గింజలో భాగాలు లేవు కాబట్టి ఇలా పెట్టామని పిల్లలకు చెప్పేయండి. వడ్డీ సంగతి తేల్చడానికి వేరే ఆట కింద ఉంది.

చివరి పది నిమిషాలు మాటలకు. మార్కులు వేయొద్దు, "ఏ జట్టు గెలిచింది" అని అడగొద్దు. ప్రతి జట్టునూ రెండే ప్రశ్నలు అడగండి: ఏం వదిలేశారు? వదిలేసినందుకు ఎవరికి ఎక్కువ ఇబ్బంది? రెండో ప్రశ్న ముఖ్యం. బడికి దూరంగా ఇల్లు తీసుకుంటే నడవాల్సింది పిల్లలు. కూలరు వద్దనుకుంటే వంటగదిలో ఉక్కపోసేది అమ్మకు. ఖర్చు తగ్గించినప్పుడు ఆ భారం ఇంట్లో ఎవరి మీద పడుతుందో చూడటం ఇక్కడే మొదలవుతుంది.

తరగతిలో సంత

దీనికి రెండు రోజులు, రోజుకొక పీరియడ్. వారం ముందే పిల్లలను ఖాళీ ప్యాకెట్లు తెమ్మనండి: పప్పు కవరు, నూనె ప్యాకెట్టు, సబ్బు అట్ట, బిస్కెట్ రేపరు, షాంపూ పొట్లం. నూనె, పాల కవర్లను సబ్బునీళ్లతో కడిగించాలి. లేకపోతే మరుసటి రోజుకే గది వాసన కొడుతుంది. కూరగాయలకు బొమ్మలు గీసిన అట్టముక్కలు చాలు.

నోట్లు పిల్లలే తెల్లకాగితం మీద అంకె రాసి తయారుచేయాలి. అసలు నోటును జిరాక్స్ తీసి కత్తిరించొద్దు. నోటును పోలిన కాగితం తయారుచేయడం చట్టప్రకారం నేరం. జట్టుకు 300 రూపాయలు: ఒక 100, రెండు 50లు, నాలుగు 20లు, రెండు 10లు. కొట్టుకు చిల్లర కింద పది 10లు, పది 5లు, ఇరవై రూపాయి బిళ్లలు. చిల్లర తక్కువ ఇస్తే మొదటి ఐదు నిమిషాల్లోనే ఆట ఆగిపోతుంది. సంత చెడిపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే.

నాలుగు కొట్లు పెట్టండి. ప్రతి జట్టు నుంచి ఒకరిని కొట్టుకు పంపితే కొట్టుకు ఇద్దరు అవుతారు. ఒకరు సరుకు ఇస్తారు, ఇంకొకరు బిల్లు రాస్తారు. ధరలు పిల్లలు తెచ్చినవే వాడాలి. మచ్చుకు ఇలా ఉంటాయనుకోండి: కందిపప్పు అరకిలో 75, నూనె అరలీటరు 75, ఉల్లిపాయలు కిలో 30, టమాటా కిలో 40, పాలు అరలీటరు 30, ఆరు గుడ్లు 42, సబ్బు 35. ఇవి నలుగురి కుటుంబానికి ఈ వారం కావలసినవి, మొత్తం 327. అంటే 27 రూపాయలు తక్కువ. వీటి పక్కనే చిప్స్ 20, బిస్కెట్లు 10, కూల్ డ్రింక్ 40, నోటుపుస్తకం 40 కూడా పెట్టండి.

కొట్టుకు వెళ్లేముందు చిట్టా రాయాలి. చిట్టా లేనిదే కొట్లోకి రానివ్వొద్దు. చిట్టాలో మూడు గడులు: సరుకు, అనుకున్న ధర, అసలు ధర. మొదటి రోజు చాలామంది "కిలో" తప్ప ఇంకో తూకం రాయరు. పావుకిలో పప్పు, మూడు గుడ్లు కొనుక్కోవచ్చని ఎవరో ఒకరికి తడుతుంది. కాసేపటికి తరగతంతా పాకుతుంది. మీరు ముందే చెప్పేస్తే ఆ ఆనందం వాళ్లకు దక్కదు.

నాలుగు కొట్లలో ఒకటి ఖాతా కొట్టు. అక్కడ అరువిస్తారు, కానీ ప్రతి సరుకూ 5 రూపాయలు ఎక్కువ. మొదటి రోజు అరువు చేసిన జట్టు రెండో రోజు తన 300లోంచి ముందు ఆ బాకీ కట్టాకే కొత్త సరుకు కొనాలి. అలాగని ఖాతా కొట్టును చెడ్డదిగా చూపించొద్దు. కూలి డబ్బు శనివారం చేతికొచ్చే ఇంటికి మంగళవారం బియ్యం పుట్టేది అక్కడే. ఆ సదుపాయానికి ఎంత కడుతున్నామో పిల్లలకు లెక్క తెలిస్తే చాలు.

రెండో రోజు పొద్దున బోర్డు మీద టమాటా 40 కొట్టేసి 80 రాయండి. ఇదేదో ఆట కోసం కల్పించింది కాదని కూడా చెప్పండి. 2023 జులైలో టమాటాకు పేరుపడ్డ మదనపల్లె మార్కెట్‌లోనే కిలో 100 దాటింది. అదే మదనపల్లెలో ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాదని రైతులు పంటను పారబోసిన రోజులూ ఉన్నాయి. ధర పెరిగితే కొనేవాడి బడ్జెట్, పడిపోతే పండించేవాడి బడ్జెట్ తలకిందులవుతుంది. రైతుల పిల్లలున్న తరగతిలో ఈ మాట మీద చర్చ దానంతటదే సాగుతుంది, సాగనివ్వండి.

ప్యాకెట్ల దగ్గర ఆగాల్సిన చోటు ఇంకొకటి ఉంది. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవకని పిల్లలకే కాదు, పెద్దలకూ నమ్మకం. ఒకే రకం షాంపూ పొట్లం, సీసా పక్కపక్కన పెట్టి, వాటి మీద రాసిన మిల్లీలీటర్లతో ధరను భాగించమనండి. చాలాసార్లు షాంపూలో పొట్లమే చవక తేలుతుంది. పప్పులు, సబ్బుల్లో మాత్రం తరచూ పెద్దదే చవక. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకు, మిల్లీలీటరుకు ఎంతో కూడా ముద్రిస్తున్నారు, ఆ చిన్న అక్షరాలు వెతికి చదివించండి. గరిష్ఠ చిల్లర ధర కంటే ఎక్కువ అడగకూడదని, తక్కువకు అడిగే హక్కు మనకుందని అక్కడే చెప్పేయొచ్చు.

సంత అయ్యాక బిల్లులు తిరగరాయించకండి, తప్పులున్నవి అలాగే ఉంచి ఇంకో జట్టుతో సరిచూయించండి. 42కి 50 ఇస్తే 8 బదులు 12 తిరిగిచ్చిన కొట్టువాళ్లకు సాయంత్రం గల్లాలో 4 తక్కువ వస్తుంది. ఎక్కడ పోయిందో బిల్లుల్లోంచి వాళ్లే పట్టుకోవాలి.

రెండు రూపాయల వడ్డీ

మన ఊళ్లలో వడ్డీ మాట్లాడేది నెలకు, నూటికి. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. పిల్లలు పుస్తకంలో చదివే శాతం మాత్రం ఏడాదిది. ఈ రెండూ కలిపి చూడకపోతే "బ్యాంకులో పన్నెండు, షావుకారు దగ్గర రెండే" అని, షావుకారు దగ్గరే చవక అనుకుంటారు. ఈ ఒక్క పొరపాటు పెద్దయ్యాక చాలా ఖరీదుగా పరిణమిస్తుంది. అందుకే ఐదో తరగతి దాటిన వాళ్లకు ఈ ఆట తప్పనిసరి అంటాం.

వస్తువు: 6,000 రూపాయల సైకిలు. నేల మీద సుద్దముక్కతో రెండు వరసలుగా 12 గళ్లు గీయండి, గడికి ఒక నెల. ఒక వరసలో నిలబడే పిల్ల నెలకు 500 దాస్తుంది. 12వ గడిలో 6,000 పోగై సైకిలు కొంటుంది. రెండో వరసలో పిల్లాడు మొదటి గడిలోనే అప్పు చేసి సైకిలు తీసుకుంటాడు. అప్పును చూపించడానికి 60 కాగితం ముక్కలు, ఒక్కోటి 100 రూపాయలు, నేల మీద పరవాలి. గడి మారినప్పుడల్లా ప్రతి ముక్క మీద రెండు రాళ్లు పెట్టాలి. 60 ముక్కలు, 120 రాళ్లు. ఆ 120 రూపాయలు ఆ నెల వడ్డీ. ఏరి షావుకారు వేషం వేసిన పిల్లకు ఇచ్చి ముందుకు నడవాలి. శాతం రాని పిల్లలకు కూడా ఇది అర్థమవుతుంది, ఎందుకంటే ఇందులో సూత్రమేమీ లేదు, ముక్కకు రెండు రాళ్లే.

12 నెలలకు కట్టిన వడ్డీ 1,440. అసలు 6,000 అలాగే ఉంది. పిల్లలు ఎక్కువగా ఆశ్చర్యపోయేది ఇక్కడే: ఏడాదంతా కట్టినా కాగితం ముక్క ఒక్కటీ తగ్గలేదు. ఇప్పుడు ఐదు రూపాయల వడ్డీతో మళ్లీ నడిపించండి. నెలకు 300, ఏడాదికి 3,600.

ఇక్కడితో ఆపి "అప్పు చెడ్డది" అని ముగిస్తే సగం నిజమే చెప్పినట్టు. అప్పు చేసిన పిల్లాడు ఏడాదంతా సైకిలు తొక్కాడు. ఆటో ఖర్చు నెలకు 200 మిగిలిందనుకుంటే ఏడాదికి 2,400. రెండు రూపాయల వడ్డీ మీద 1,440 కట్టినా అతనికి 960 లాభమే. ఐదు రూపాయల వడ్డీ అయితే 1,200 నష్టం. అప్పు ఎందుకు చేశాం, దానివల్ల ఎంత మిగిలింది, ఎంత కట్టాం అన్న మూడూ పక్కపక్కన రాసి చూసే అలవాటు పిల్లలకు కావాలి.

ఏడు, ఎనిమిది తరగతులకు మూడో నడక. ప్రతి నెలా వడ్డీతోపాటు అసలులో 500 కూడా తీర్చాలి, అంటే ఐదు ముక్కలు నేల మీది నుంచి తీసేయాలి. మొదటి నెల వడ్డీ 120, రెండో నెల 110, అలా పది చొప్పున తగ్గుతూ చివరి నెల 10. మొత్తం 780. అసలు కదిలించకుండా కట్టిన 1,440తో పోల్చితే ఎంత తేడానో రాళ్ల కుప్పలే చెబుతాయి. తల్లులు డ్వాక్రా సంఘంలో ఉన్న పిల్లలు వాయిదా అన్న మాట రోజూ వింటూనే ఉంటారు. అందులో అసలెంత, వడ్డీ ఎంత అన్నది ఈ నడక తర్వాత ఇంట్లో అడిగి తెలుసుకోగలుగుతారు.

చిన్న తరగతులకు

ఒకటి నుంచి మూడో తరగతి వరకు డబ్బుతో పని లేదు. సోమవారం ఒక్కొక్కరికి పది తెల్లకాగితాలు ఇచ్చి, బొమ్మలకైనా ఆటలకైనా శుక్రవారం దాకా అవే అనండి. బుధవారానికి సగం మందికి అయిపోతాయి. ఇంకొకటి ఇవ్వకండి. పక్కవాళ్ల దగ్గర అడిగి తీసుకోవచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్లిష్టం. మూడో వారానికి కాగితం రెండు వైపులా వాడేవాళ్లు కనిపిస్తారు. ఇంతే చాలు.

అసలు డబ్బుతో ఒక రోజు

ఆటలన్నీ అయ్యాక నిజమైన నోట్లతో ఒక పని అప్పగించాలి. నవంబరు 14 బాలల దినోత్సవం దీనికి బాగుంటుంది. 40 మందికి 600 రూపాయలు, తలకు 15. ఈ డబ్బు పిల్లల దగ్గర వసూలు చేయొద్దు, ఇవ్వలేని వాళ్లు ఆ రోజు మొహం చాటేస్తారు. హెడ్మాస్టరు ద్వారానో, దాతల ద్వారానో ముందే తెచ్చుకోవాలి.

ఏం చేయాలన్నది పిల్లలే తేల్చాలి. ఒక నమూనా అంచనా మాత్రం మీ దగ్గర సిద్ధంగా ఉంచుకోండి. మరమరాల మిక్చరు: మరమరాలు 1 కిలో 80, వేయించిన పల్లీలు అరకిలో 80, ఉల్లిపాయలు కిలో 30, టమాటాలు అరకిలో 20, నిమ్మకాయలు ఎనిమిది 40, కొత్తిమీర 20, ఉప్పు కారం 10, పొట్లాలకు కాగితం 20. మొత్తం 300. అరటిపళ్లు 40, ఒక్కోటి 6 చొప్పున 240. అన్నీ కలిపి 540. మిగిలిన 60 అనుకోని ఖర్చుకు, అంటే పదో వంతు. మరమరాలు తూకానికి తేలిక, కిలో అంటే పెద్ద సంచీడు వస్తాయి. తలకు 25 గ్రాములు ఒక మంచి పొట్లం నిండుతుంది. కిలో చాలదని మూడు కిలోలు రాసే జట్టు తప్పకుండా ఉంటుంది. దాన్ని కొట్టేయకండి, ముందు రోజు 25 గ్రాములు తూచి చూడమనండి.

పల్లీలు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో ఇంటివాళ్లను అడగాలి. మిక్చరు ఒకేసారి కలిపితే పది నిమిషాల్లో మెత్తబడుతుంది, పదేసి మందికి విడివిడిగా కలపాలి. ఉల్లి, టమాటా తరగడానికి కత్తి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

పనులు ఇలా పంచండి. ఒక జట్టు రెండు కొట్లలో ధరలు కనుక్కొస్తుంది, ఒకటి పెద్దవాళ్ల తోడుతో కొంటుంది, ఒకటి డబ్బు పెట్టె చూస్తుంది, ఒకటి లెక్క రాస్తుంది. డబ్బు పెట్టె, లెక్కల పుస్తకం ఒకే చేతిలో ఉండకూడదు. ఇది పిల్లల మీద అనుమానంతో కాదు, పంచాయతీ ఆఫీసు నుంచి పొదుపు సంఘం దాకా డబ్బున్న ప్రతి చోటా పాటించాల్సిన పద్ధతి. బోర్డు మీద పెద్ద అక్షరాలతో అంచనా, అసలు, తేడా అని మూడు గడులు గీసి, బిల్లు రాగానే అక్కడికక్కడే నింపించండి. బిల్లు ఇవ్వని చిన్న బండి దగ్గర కొంటే తేదీ, వస్తువు, సొమ్ము తెల్లకాగితం మీద రాసి, కొన్నవాళ్లలో ఇద్దరు సంతకం పెట్టాలి.

అంచనాకు, అసలుకు తేడా రావడం తప్పు కాదు. తేడా ఎందుకు వచ్చిందో రాయకపోవడమే తప్పు. అరటిపళ్లు అనుకున్నదానికంటే 20 ఎక్కువైతే పక్కన కారణం ఉండాలి: పండగ ముందు రోజు కాబట్టి ధర పెరిగింది, లేదా డజను లెక్కన అమ్మారు కాబట్టి 48 కొనాల్సి వచ్చింది. కారణం రాసిన జట్టు తర్వాతిసారి అంచనా వేసేటప్పుడు డజన్ల లెక్క ముందే అడుగుతుంది.

పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా నడుపుకొనే సేవింగ్స్ ఖాతా తెరవడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. పరిమితులు ఒక్కో బ్యాంకుకు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఊళ్లోని శాఖలో అడగాలి. ఈ లెక్కల పుస్తకం చేతిలో ఉన్నప్పుడే ఒక నమూనా పాస్‌పుస్తకం పేజీ బోర్డు మీద గీసి జమ, చెల్లింపు, నిల్వ గడులు చదివించండి. తమ డబ్బు పెట్టె లెక్కకు, దానికి పెద్ద తేడా లేదని పిల్లలే చెబుతారు.

ఖర్చులన్నీ పోను మిగిలిన సొమ్ము ఆ రోజే చాక్లెట్లకు అయిపోకుండా చూడాలి. వచ్చే పనికి దాచాలో, తరగతికి ఏమైనా కొనాలో చేతులెత్తించి తేల్చండి. ఏది తేలినా ఆ అంకె లెక్కల పుస్తకంలో తర్వాతి పేజీ మొదటి వరసలో "ప్రారంభ నిల్వ" అని రాసి, డబ్బు జట్టు, లెక్కల జట్టు ఇద్దరి చేతా సంతకం పెట్టించి, పెట్టెను హెడ్మాస్టరు బీరువాలో పెట్టించాలి.